ఆవిడ కొట్టేయించిన మాట

ఆవిడ పోయిన సంగతి పెద్దకర్మ కూడా అయిపోయాక తెలిసింది నాకు. చెప్పిన మనిషి తాడేపల్లిగూడెం నుంచి ఏదో అఫిడవిట్ పని మీద వచ్చాడు. నా కంప్యూటరు పక్కన కూర్చుని పేరు చెప్పాడు, తండ్రి పేరు చెప్పాడు, సొంత ఊరు అన్నచోటికి వచ్చేసరికి, "కిక్కిసలంక అని కొట్టండి. గూడెం అని రాయిస్తే మా పెద్దమ్మ ఊరుకునేది కాదండి, ఆవిడ పోయినా సరే" అన్నాడు. నేను కీబోర్డు మీంచి చేతులు తీసేశాను. ఆ పెద్దమ్మ ఎవరని అడగాల్సిన అవసరం లేకపోయింది.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. తన పేరు ఏ కాగితం మీద పడాలో, ఏ కాగితం మీద పడకూడదో ఆవిడ చాలా పట్టింపుగా చూసుకునేది. రాయమంటారా అని అడగడానికి ఇప్పుడు మనిషి లేదు.

ఏలూరులో ఆఫీసులున్న వీధిలో నాది టైపు దుకాణం. అప్పట్లో దుకాణం అంటే ఒక పాత మేడ వరండా, ఒక ఇంగ్లీషు మిషను, ఒక తెలుగు మిషను, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి ఒక బెంచీ. మా నాన్నగారు చర్చి బడిలో మాస్టారు. ఆయన పోలిక వల్లనో, సాయంత్రాలు పిల్లలకి టైపు నేర్పేవాణ్ణి కాబట్టో నన్నూ అందరూ మాస్టారనే పిలిచేవారు. పదిహేనేళ్ళు అర్జీలు కొట్టడంతో నా వేళ్ళకి ఒక వరస అలవాటైపోయింది. 'కడు నిరుపేదరాలనైన నేను తమ దివ్యసముఖమునకు సవినయముగా విన్నవించుకొనునది' అన్న వాక్యం, వచ్చిన మనిషి నోరు తెరవకముందే కాగితం మీద పడిపోయేది. దాన్ని ఎవరూ కాదనలేదు, ఆవిడ వచ్చేదాకా.

వరద పోయిన తర్వాత చలికాలం అది. రెండువేల ఐదు చివరో, ఆరు మొదలో. అరవై ఏళ్ళుంటాయి ఆవిడకి. పొట్టి మనిషి. జుట్టులో ఉల్లిపొట్టు చిక్కుకుని ఉంది. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టులో పాయలు ఏరే పనికి వెళ్తున్నాననీ, పొద్దున్న ప్యాసింజర్లో వచ్చాననీ చెప్పింది. బెంచీ చూపించినా కూర్చోలేదు. దోనెలో నిలబడ్డట్టు కాళ్ళు ఎడంగా పెట్టి, నా భుజం వెనక నిలబడి, మిషన్లో ఎక్కుతున్న కాగితం వంక చూస్తూ ఉంది. చదువు రాదు. అయినా చూస్తూనే ఉంది.

"ఇప్పుడు ఏం పడిందండి?" అని అడిగింది.

చదివాను. చూపుడువేలు పైకెత్తింది.

"నిరుపేదరాలు ఎవరండి?"

"మీరేనండి మామ్మగారూ. అలా రాయడం మామూలు."

"నేను పేదదాన్నని మీకెవరు చెప్పారు? మా ఊళ్ళో నాకు ఇల్లుంది, రెండు దోనెలున్నాయి, కొబ్బరిచెట్లున్నాయి. అవి నీళ్ళలో ఉన్నాయి. ఆ సంగతి రాయండి."

కాగితం లాగేసి కొత్తది పెట్టాను. 'వరద బాధితురాలు' అన్నచోట వేలు మళ్ళీ లేచింది. బాధితురాలు అంటే బాధపడేవాళ్ళు అని చెప్పాను. బాధ సంగతి చెప్పుకోవడానికి ఆఫీసుదాకా రానక్కర్లేదనీ, తాను వచ్చింది చోటు సంగతి చెప్పడానికనీ అంది. 'కనికరించి' దగ్గర ఇంకోసారి ఆపింది. ఆ పూట మూడు కాగితాలు పాడయ్యాయి. చివరికి అర్జీలో మిగిలింది ఇంతే: మా ఊరు ఇది, ఇలా మునిగింది, మేం ముప్పై నాలుగు కుటుంబాలం, ఇప్పుడు ఫలానా చోట ఉన్నాం, మాకు మెరక మీద ఇళ్ళస్థలాలు ఇవ్వాలి. అడుగున అలవాటుగా 'ఇట్లు తమ విధేయురాలు' అని కొట్టబోతుంటే, "ఇట్లు చాలండి" అంది.

నాకు విసుగొచ్చింది. ఇలాంటి అర్జీ చూస్తే ఆఫీసులో పొగరనుకుంటారని హెచ్చరించాను.

"అనుకోనివ్వండి. పొగరున్నవాళ్ళ ఇల్లు మునగదా ఏంటి," అంది.

వేలిముద్ర వేశాక బొటనవేలికి అంటిన సిరాని జుట్టుకి రాసుకోవడం ఇక్కడ అందరూ చేసే పని. ఆవిడ రాసుకోలేదు. వేలు అలాగే పట్టుకుని వీధి దాటి, ఆఫీసు గుమ్మం పక్క గోడకి తుడిచింది. బంట్రోతు కేకలేశాడు. తర్వాత ఎన్నిసార్లు వచ్చినా అదే చేసింది. ఏడాది తిరిగేసరికి ఆ సున్నపు గోడ మీద నడుమెత్తున నీలం మరకలు వరసగా తేలాయి. ఎందుకలా చేస్తారని ఒకసారి అడిగాను. ఎన్నిసార్లు వచ్చానో వాళ్ళు మర్చిపోవచ్చు, గోడకి గుర్తుంటది అంది.

ఆ తర్వాత నెలకి రెండుసార్లయినా వచ్చేది. వచ్చినప్పుడల్లా చీర చెంగులో నాలుగు ఉల్లిపాయలు మూటకట్టి తెచ్చి మిషను పక్కన పెట్టేది. చేపలు తేవలసిన చేత్తో ఇవి తెస్తున్నానని నొచ్చుకునేది కూడా. ఎవరైనా మీదే ఊరండీ అని అడిగితే, "ఉంటున్నది గూడెం. ఊరు కిక్కిసలంక" అని రెండు ముక్కలుగా చెప్పేది. 'మీ ఊరు ఉండేది కదా' అని నేను పొరపాటున అంటే 'ఉంది' అని దిద్దేది.

కిక్కిసలంక కొల్లేటి నడుమ ఒక దిబ్బ. కొల్లేటికోట దాటి దోనె మీద వెళ్ళాలి. ఆవిడ చెప్పిన నీటి సంగతులు అర్జీలో ఇమిడేవి కావు కానీ నాకు గుర్తుండిపోయాయి. వాళ్ళ అత్తగారి కాలంలో నీరు ఎప్పుడు పెరుగుతుందో, ఎప్పుడు దిగుతుందో పండగల్ని బట్టి చెప్పేవాళ్ళట. వినాయకచవితి దాటాక పెరిగి, కార్తీకం వెళ్ళేసరికి గుమ్మాల ముందునుంచి తప్పుకునేది. నీటితో చేప వచ్చేది. నీరు తీసినచోట వరి వేసేవాళ్ళు. ఆవిడ కాపురానికి వచ్చిన కొత్తలోనూ అలాగే సాగింది. తర్వాత వాన వరస తప్పింది. రావలసిన నెలలో ముఖం చాటేసి, అక్కర్లేని నెలలో సీజను వానంతా నాలుగు రోజుల్లో కుమ్మరించేది. ఎగువ ఏళ్ళు, మురుగుకాలవలు అన్నీ ఒక్కసారి కొల్లేట్లో పడితే, దాన్ని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు అంత నీటిని లాగలేకపోయేది. ఎండాకాలం వచ్చిందంటే ఇంకో గొడవ. కొల్లేటి అడుగు బీటలు తీసి, అదే ఉప్పుటేరులోంచి ఉప్పునీరు ఎదురెక్కి ఊరి మంచినీళ్ళ బావిదాకా వచ్చేది. అలా కొన్నేళ్ళు ఓపిక పట్టారు. వరసగా రెండు వానాకాలాలు నెల దాటి ఇళ్ళలో నీళ్ళు నిలిచాక ఊరు కదిలింది. కొందరు వట్లూరు వైపు కాలేజీ భవనాలు కట్టే పనిలో చేరారు. ఎక్కువమంది గూడెం వెళ్ళి రైసుమిల్లుల వెనక షెడ్లలో తలదాచుకున్నారు. ఆవిడ, కొడుకు, కోడలు ఆ షెడ్లలోనే ఉండేవారు.

వట్లూరు అంటే గుర్తొచ్చింది. అక్కడి ఒక కాలేజీలో సభ పెట్టి ఆవిణ్ణి రమ్మన్నారు. కొల్లేటి గురించి చెప్పాలట. నా దుకాణానికి వచ్చి, "మీరూ రండి, మాటలు చూసుకోవడానికి" అంది. వెళ్ళాను. వేదిక వెనక 'వాతావరణ మార్పులు, వలసలు' అని గుడ్డ కట్టారు. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి తెర మీద బొమ్మలు చూపిస్తూ, మనుషులు కాల్చే పొగ వల్ల భూమి వేడెక్కుతోందనీ, వానలు గాడి తప్పుతున్నాయనీ, సముద్రం పెరుగుతోందనీ వివరంగా చెప్పాడు. మర్యాదస్తుడే. ఆవిణ్ణి పైకి పిలిచి, నమస్కారం పెట్టి, 'వీరు వాతావరణ శరణార్థి' అని పిల్లలకి పరిచయం చేశాడు.

ఆవిడ మైకు వంక చూడలేదు. ముందు వరసలో ఉన్న నా వంక చూసింది. శరణార్థి అంటే శరణు కోరి వచ్చినవాళ్ళు అని నేను కింద నుంచే చెప్పాను.

"శరణు నేనెవర్నీ కోరలేదండి," అంది ఆవిడ ఆ పెద్దమనిషితో, మెత్తగానే. "మార్కెట్టులో కూలి చేసుకుంటున్నాను. ఎండా వానా వాటంతట అవి మారలేదు, మనుషులే మార్చారని తమరు ఇప్పుడే చెప్పారు. కదిలినవాళ్ళకి పేరు పెట్టారు. మార్చినవాళ్ళకి ఏం పేరు పెట్టారండి?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఇంకా పెట్టలేదమ్మా అన్నాడు. దాపరికం లేని జవాబే. పెట్టాక కబురు చేయమని చెప్పి ఆవిడ దిగి వచ్చేసింది. పిల్లలు చప్పట్లు కొడుతుంటే ఎందుకు కొడుతున్నారని నన్ను అడిగింది. భోజనానికి ఉండమన్నా ఉండకుండా, మధ్యాహ్నం సరుకు దిగే వేళయిందని రైలెక్కేసింది.

ఇవన్నీ నేను నవ్వుతూ చెప్పుకోగలిగినవి. నవ్వకుండా చెప్పవలసిన రోజు ఒకటుంది.

మరుసటి ఏడు ఎండాకాలంలో ఆఫీసువాళ్ళు కదిలారు. గూడెం శివార్లలో మెరక నేల చూశారు. ముప్పై నాలుగు కుటుంబాలకీ ఇళ్ళస్థలాలు ఇస్తామన్నారు. దానికి ముందు ప్రతి కుటుంబమూ ఒక అంగీకార పత్రం మీద సంతకం పెట్టాలి. ఆ పత్రాన్ని గుమాస్తా చేత్తో రాసి నా దగ్గరికి పంపాడు. ఆఫీసులో పని ఎక్కువైతే నాకే పంపేవాళ్ళు. నా దుకాణం సగం దాని మీదే నడిచేది. నేను కొట్టి ఇచ్చాను, వాళ్ళు జిరాక్సులు తీయించుకున్నారు. ఏం కొడుతున్నానో నేను చూడలేదు. వేళ్ళు చూశాయి, అంతే.

సంతకాల రోజు పొద్దున్నే రైలు దిగి అందరూ వచ్చారు. పెళ్ళికి వచ్చినట్టు ఉతికిన బట్టలు కట్టుకున్నారు. ఆఫీసు వరండాలో పత్రాలు పంచారు. ఆవిడ తన పత్రం పట్టుకుని నేరుగా వీధి దాటి నా దగ్గరికి వచ్చింది. చదవమంది. చదివాను.

'మేము స్వచ్ఛందముగా గ్రామమును ఖాళీ చేసి వచ్చినవారము. ఇకమీదట సదరు గ్రామముపై గాని, సరస్సుపై గాని ఎట్టి హక్కునూ కోరము.'

వేలు లేచింది.

"స్వచ్ఛందం అంటే ఏంటండి?"

"ఇష్టపడి. ఎవరూ చెప్పకుండా మీ అంతట మీరే అని."

ఆవిడ పత్రం వంకా, నా మిషను వంకా చూసింది. నా తెలుగు మిషన్లో 'గ' అక్షరం వరసలో నిలవకుండా కాస్త పైకెగిరి పడేది. ఏడాదిన్నరగా నా భుజం వెనక నిలబడి చూసిన మనిషికి దాన్ని పోల్చుకోవడానికి చదువు అక్కర్లేదు.

"ఇది మీరు కొట్టిందే కదండి."

ఔనన్నాను. వాళ్ళు రాసిచ్చారు, నేను కొట్టాను అన్నాను.

"నా కాగితం మీద ప్రతి మాటా నన్ను అడిగి కొట్టారు మాస్టారూ. ఇది మా ఊరందరి కాగితం. ఒక్క మాట అడగాలనిపించలేదా?"

సిగ్గు కప్పుకోవడానికి నేను సలహా ఇవ్వడం మొదలుపెట్టాను. పెట్టేయండి మామ్మగారూ అన్నాను. కోడలికి నెలలు నిండుతున్నాయి, వానలు దగ్గర పడ్డాయి, ఒక్క మాట కోసం స్థలం పోగొట్టుకోవద్దన్నాను.

ఆవిడ కోప్పడలేదు. చిన్నపిల్లవాడికి చెప్పినట్టు విడమరిచి చెప్పింది. ఇష్టపడి వదిలేసుకున్నదాని మీద ఎవరూ హక్కు అడగరు. మొదటి మాట ఒప్పుకుంటే రెండోది దానంతట అదే వచ్చి కూర్చుంటుంది. నీరు తగ్గిన నెలల్లో కొల్లేట్లోకి వెళ్ళి వల వేసుకోవడం ఒక్కటే వాళ్ళ చేతిలో మిగిలిన విద్య. రేపు వాళ్ళ పిల్లలు వల పట్టుకుని వెళ్తే, మీ పెద్దవాళ్ళు ఇష్టపడి పోయారు, ఇవిగో వేలిముద్రలు అని చూపిస్తారు.

"నీళ్ళు లేపితే లేచాం మాస్టారూ. మాకై మేం లేవలేదు," అంది.

ఇంతలో ఆవిడ మరిది వీధి దాటి వచ్చాడు. ఊరికి పెద్దగా నిలబడి మాట్లాడే మనిషి. ఆఫీసులో అధికారి అన్న మాట మోసుకొచ్చాడు. అందరూ సంతకాలు పెడితేనే స్థలాలు కొలుస్తారట. ఒక్కరు పెట్టకపోయినా మొత్తం ఆగిపోతుందట.

"మేమంతా ఇంకో వానాకాలం ఆ షెడ్లలోనే చావాలా వదినా? నీ ఒక్కదాని పంతానికి?" అన్నాడు. పోయిన వానాకాలం అతని భార్య షెడ్డులో జ్వరంతో పోయిందని నాకు తెలుసు.

"చావమనలేదయ్యా. ఒక్క పూట ఆగమన్నాను."

వాళ్ళ వెనకే ఆవిడ కోడలు వచ్చి నిలబడి ఉంది. నడుం మీద చెయ్యి వేసుకుని, మెల్లిగా వచ్చి నా బెంచీ మీద కూర్చుంది. ఆ బెంచీ మీద వాళ్ళింట్లోంచి ఎవరైనా కూర్చోవడం అదే మొదలు. అత్తగారి వంక చూడలేదు, చినమావగారి వంక చూసింది.

"నేను ఆగుతాను చినమావయ్యా. ఎక్కువ అవసరం నాదే కదండి. నేనే ఆగగలిగితే మీరూ ఆగండి," అంది.

నేను మిషన్లో కాగితం పెట్టాను. ధైర్యం చేసి పెట్టానని చెప్పుకోను. ఆ పిల్ల నా ఎదురుగా అలా కూర్చుని ఉంటే ఇంకేం చేయాలో తోచలేదు. కొట్టబోయే ముందు, ఆవిడ అడగకుండానే, ఏం రాయమంటారని అడిగాను. చెప్పింది. ఆఫీసు భాషలోకి మార్చి చదివి వినిపించాను. రెండుచోట్ల దిద్దింది. అది ఎండాకాలం, కరెంటు కోత, జిరాక్సు దుకాణం మూసేసి ఉంది. కార్బన్లు పెట్టి అయిదేసి చొప్పున ఏడుసార్లు కొట్టాను. మధ్యాహ్నం భోజనానికి లేవలేదు. నా పక్కన నిలబడి కార్బన్లు సర్ది ఇచ్చింది ఆ మరిదే. ఒక్క కాగితం నలగనివ్వలేదు.

మూడింటికి అందరం కలిసి అధికారి గదికి వెళ్ళాం. ఆయన కొత్త పత్రం చదివి, ఎవరు మార్చారని అడిగాడు.

"నేను చెప్పానండి," అంది ఆవిడ.

"నేను కొట్టానండి," అన్నాను. చాలా చిన్నగా అన్నాననుకుంటాను. గుమాస్తా నా వంక చూసిన చూపు మాత్రం బాగా గుర్తుంది.

అధికారి చెడ్డవాడని చెప్పలేను. పొద్దున్నుంచి ఫ్యాను లేకుండా చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. కాగితం బల్ల మీద పెట్టి, "ఒక్క మాటకి ఇంత రాద్ధాంతమా మామ్మా? ఎలా రాసినా మీకొచ్చే స్థలం అదే కదా," అన్నాడు.

"ఒక్క మాటే కదండి బాబూ. మీరే తీసేయండి."

ఆయన చాలాసేపు పెన్ను తిప్పుతూ కూర్చున్నాడు. ఫారం మార్చే అధికారం తనకి లేదనీ, రెండు పత్రాలూ పైకి పంపుతాననీ, జవాబు వచ్చేదాకా స్థలాలు ఆగుతాయనీ చెప్పాడు. ఆగనివ్వండి అంది ఆవిడ. వరండాలోకి వచ్చి ముప్పై నాలుగు కుటుంబాలూ కొత్త పత్రాల మీదే ముద్రలు వేశాయి. సంతకం వచ్చిన నలుగురు కూడా ఆ రోజు వేలిముద్రే వేశారు. వేసి, ఒకరి వెనక ఒకరు వెళ్ళి గుమ్మం పక్క గోడకి వేళ్ళు తుడిచారు. బంట్రోతు చూస్తూ ఉండిపోయాడు. అందరికన్నా చివర తుడిచింది ఆ మరిది.

అంతటితో గెలిచేశారని రాస్తే అబద్ధం అవుతుంది. ఫైలు పైకి వెళ్ళి ఆ ఏడాదంతా దిగలేదు. ఆ వానాకాలం వాళ్ళు మిల్లు షెడ్లలోనే గడిపారు. కోడలు అక్కడే, రేకుల మీద వాన పడుతుండగా ప్రసవించింది. ఆడపిల్ల. తల్లీ బిడ్డా దక్కారు. రెండు కుటుంబాలు మాత్రం ఆగలేక హైదరాబాదు పనులకి వెళ్ళిపోయాయి. స్థలాలు కొలిచే రోజుకి ఊళ్ళో లేరని వాళ్ళ పేర్లు కొట్టేశారు. ఆ మాట ఎత్తి ఆవిణ్ణి తిట్టినవాళ్ళున్నారు. ఆవిడ తల దించుకునేది కాదు, సమాధానమూ చెప్పేది కాదు. ఆ తర్వాత నా చేత కొట్టించిన ప్రతి అర్జీలోనూ మొదట ఆ రెండిళ్ళవాళ్ళ పేర్లు రాయించేది. నాకు ఆఫీసు పని ఆగిపోయింది. ఇంగ్లీషు మిషను అమ్మేశాను. నాకు జరిగిన నష్టం గురించి ఆవిడ ఎన్నడూ ఒక్క జాలి మాట అనలేదు. గూడెం షెడ్లలో ఎవరికి ఏ కాగితం కావాల్సి వచ్చినా రైలెక్కించి నా దగ్గరికే పంపేది.

రెండో ఏడు ఫైలు దిగింది, స్థలాలు కొలిచారు. పాత పత్రంలో 'స్వచ్ఛందముగా' అన్న మాట మీద ఎర్రసిరాతో గీత గీసి, పైన 'వరద ముంపు కారణముగా' అని రాసి, పక్కన ఎవరో పొట్టి సంతకం చేశారు. దాని వెనక గుచ్చిన కొత్త పత్రంలో మేం చేర్చిన వాక్యాన్ని, సరస్సులో చేపలు పట్టుకునే అలవాటును వదులుకోవడం లేదన్న వాక్యాన్ని, ఒప్పుకున్నట్టూ లేదు, కొట్టేసినట్టూ లేదు. దాని కింద గుండ్రటి ముద్ర మాత్రం పడింది. చదివి వదిలేశారో, చదవనే లేదో తెలియదు. అదేమంత గట్టి కాగితం కాదని నేను ఆవిడతో చెప్పాను. గట్టిదో కాదో పట్టుకెళ్ళి చూస్తేనే తెలుస్తది అంది.

ఆ వేసవిలో కొల్లేటి నీరు తగ్గగానే కబురు పంపింది. కాగితం తీసుకుని నన్నూ రమ్మంది. పుట్టి పెరిగింది ఏలూరులోనే అయినా నేను కొల్లేటి నడుమకి వెళ్ళడం అదే మొదటిసారి. కొల్లేటికోట వైపు బస్సులో వెళ్ళి, అక్కడ దోనె ఎక్కాం. ముందు మరిది కూర్చున్నాడు. ఆవిడ వెనక నిలబడి గెడ వేసింది. ఆఫీసు వరండాల్లో ఎప్పుడూ ఎడంగా కనిపించే ఆ కాళ్ళు అక్కడ సరిగ్గా సరిపోయాయి.

ఊరంటే అప్పటికి మిగిలింది బడి గోడ ఒకటి, మోడయిన కొబ్బరిచెట్లు, ఇళ్ళ అరుగులు. ఆవిడ తన అరుగు దగ్గర దోనె ఆపి, ఇంత కిక్కిస గడ్డి పీకి, నత్తగుల్లలూ పాచీ ఊడ్చేసింది. మమ్మల్ని కూర్చోమంది. చెప్పులు దోనెలో వదిలేసి అరుగెక్కాను. కాసేపయ్యాక ఆవిడా మరిదీ మళ్ళీ దోనె తీసి, నన్నూ ఎక్కించుకుని వల దింపడం మొదలుపెట్టారు.

అప్పుడు ఇంజను పడవలో ఇద్దరు కాపలా మనుషులు వచ్చారు. సరస్సు మీద కొత్త ఆంక్షలు నడుస్తున్న రోజులవి. పెద్దవాడు దూరం నుంచే అడిగాడు. ఈ ఊరివాళ్ళు ఖాళీ చేసి పోయారు కదా, గూడెంలో స్థలాలు కూడా తీసుకున్నారు కదా, ఇంకా ఇక్కడేం పని అన్నాడు. అడగడంలో తప్పు లేదు. అతనికి చెప్పి పంపిన పని అది. మరిది వల వదిలేసి లేచి నిలబడ్డాడు. ఆవిడ వదల్లేదు. తల తిప్పి నన్ను చూసింది.

"చదవండి మాస్టారూ."

జేబులోంచి గుచ్చి ఉన్న ఆ రెండు పత్రాలూ తీసి, కొత్తది పైకి పెట్టాను. దోనె ఊగుతోంది. ఇంతకాలం వేల కాగితాలు కొట్టాను, ఒక్కటీ ఏ అధికారి ముఖం ముందూ నిలబడి చదవలేదు. మొదటి వాక్యం నాకే సరిగ్గా వినపడలేదు.

"గట్టిగా చదవండి," అంది ఆవిడ. "నీళ్ళ మీద మాట దూరం పోద్ది."

మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాను. 'మేము కిక్కిసలంక వాస్తవ్యులము. వరుస వరదల వలనను, వేసవిలో ఉప్పునీరు ఎక్కుట వలనను గ్రామములో నివసించుటకు వీలులేక వచ్చితిమి గాని, ఇష్టపడి వచ్చినవారము కాము. నీరు అనుకూలించినప్పుడు సరస్సులో చేపలు పట్టుకొను మా అలవాటును ఎన్నటికీ వదులుకొనుట లేదు.' వినపడడం కోసం అవతలి పడవలో కుర్రవాడు ఇంజను ఆపేశాడు. ఆ తర్వాత కొల్లేటి మీద నా గొంతు తప్ప ఇంకేమీ లేదు. అది నా గొంతేనని నమ్మడానికి కొంచెం సేపు పట్టింది. చివరిదాకా చదివి, ముద్రనీ, వెనకున్న పాత పత్రాన్నీ తిప్పి చూపించాను.

పెద్దవాడు పడవ దగ్గరికి తెచ్చి, ముద్ర చూసి, ఎర్రగీత చూసి, సాయంత్రంలోగా కానిచ్చుకోండి అన్నాడు. అతను ఆ మాట అనేసరికే ఆవిడ చేపలు పడ్డ వల సగం పైకి లాగేసింది.